మాటకూ మోతకూ నడుమ: కలకత్తాలో హెవీ మెటల్ సంగీత ప్రస్థానం

వంగదేశంలో పాట అంటే ముందు మాట. రాగం ఆ మాటకు వాహనం. వాద్యం దానికి పరిచారిక. రామప్రసాద్ సేన్ శ్యామాగీతాలు, నిధుబాబు టప్పాలు, రవీంద్రనాథుని రెండువేలకు పైబడిన గీతాలు, నజ్రుల్ రచనలు అన్నింటిలోనూ ఈ క్రమమే కానవస్తుంది. గాయకుడు పదాన్ని ఎంత స్పష్టంగా, ఎంత భావగర్భితంగా పలికాడన్నదే బెంగాలీ శ్రోతకు ప్రథమ ప్రమాణం. స్వరవైచిత్రి ఆ తరువాతి సంగతి. ఇటువంటి శ్రోతల నగరంలోకి, మాటను మోతలో ముంచివేసే హెవీ మెటల్ సంగీతం ప్రవేశించడమే ఒక వైరుధ్యం. ఆ వైరుధ్యాన్ని కలకత్తా ఏ విధంగా పరిష్కరించుకున్నది, ఆ పరిష్కారంలో ఏమి సంపాదించింది, ఏమి పోగొట్టుకున్నది అన్నది ఆధునిక భారతీయ సంగీత చరిత్రలో విచారించదగిన అంశం.

హెవీ మెటల్ అనే పేరుకు తగినట్లే ఆ సంగీతం లోహపు నగరంలో పుట్టింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల పట్టణం. అక్కడి ఆస్టన్ ప్రాంతపు శ్రామిక కుటుంబాల యువకులు నలుగురు బ్లాక్ సబ్బత్ అనే బృందంగా ఏర్పడి, 1970 ఫిబ్రవరి 13న వెలువరించిన తొలి రికార్డును ఈ సంగీతానికి ఆదిగ్రంథంగా భావిస్తారు. బృందంలోని గిటారు వాద్యకుడు టోనీ అయోమీ అంతకు కొన్నేళ్ల ముందే రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, పలుచని తీగలు బిగించి వాయించసాగాడు. తరువాతి రికార్డులలో తీగలను సాధారణ శ్రుతికన్నా దిగువకు సడలించాడు. ఆ వదులైన తీగల నుండి వెలువడిన బరువైన, మందగతి నాదమే ఈ సంగీతానికి ముద్ర అయింది. అందులో ప్రధానం సాహిత్యం కాదు. రిఫ్ అని పిలిచే, మళ్లీ మళ్లీ ఆవృత్తమయ్యే స్వరబంధం. అక్కడ నాదం ముందు పుట్టింది. మాట దానిని వెదుక్కుంటూ వచ్చింది. అదే బృందం 2025 జూలై 5న తమ ఊరి విల్లా పార్క్ మైదానంలో చివరి కచేరీ చేసింది. గాయకుడు ఓజీ ఆస్బర్న్ ఆ నెల 22న మరణించాడు. అర్ధశతాబ్దానికి మించిన ఒక అధ్యాయం అక్కడ ముగిసింది.

బర్మింగ్‌హామ్‌కు పోలిక వెదికితే కలకత్తా ఎదుట, హుగ్లీ నదికి ఆవలి గట్టున హౌరా ఉన్నది. పోత కర్మాగారాలతో, లోహపు పనులతో తూర్పుదేశపు షెఫీల్డుగా ఒకనాడు పేరుపొందిన పట్టణమది. అయితే కలకత్తాలో ఈ సంగీతం హౌరా కొలిమి నుండి పుట్టలేదు. దానిని చేపట్టినవారు పార్క్ స్ట్రీట్ పరిసరాల ఆంగ్లో ఇండియన్లు, ఆంగ్ల మాధ్యమంలో చదివిన మధ్యతరగతి యువకులు. ఈ తేడా చిన్నది కాదు. బర్మింగ్‌హామ్‌లో అది కార్మికుని శరీరం అనుభవించిన శబ్దం. కలకత్తాలో అది విద్యావంతుడు విని ఎన్నుకున్న శబ్దం. ఎన్నుకున్నదానికి సంజాయిషీ చెప్పుకోవలసి ఉంటుంది. కలకత్తా రాక్ చరిత్ర అంతా ఒక విధంగా ఆ సంజాయిషీయే.

పార్క్ స్ట్రీట్ నుండి

విద్యుత్ గిటారు కలకత్తాకు అపరిచితం కాదన్న సంగతి తరచు మరుగున పడుతుంది. హెవీ మెటల్ అన్న మాట పుట్టకముందే హవాయన్ గిటారు బెంగాలీ గృహాలలో స్థిరపడింది. బటుక్ నందీ, సునీల్ గంగూలీ వంటి వాద్యకులు రవీంద్రగీతాలను, చలనచిత్ర గీతాలను ఆ గిటారు మీద వాయించి ఇచ్చిన రికార్డులు ఇంటింటా మోగాయి. ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగపై ఉక్కుకడ్డీ జార్చుతూ వాయించే ఆ వాద్యంలో గమకం సాధ్యం. అందుచేత అది మానవకంఠానికి నీడగా నిలిచింది. అంటే విద్యుత్ గిటారును కూడా కలకత్తా మొదట మాటకు దాసిగానే స్వీకరించింది. పాటలోని పదాలు శ్రోత మనస్సులో ఉంటాయి; గిటారు వాటిని జ్ఞాపకం చేస్తుంది. తరువాతి తరం అదే వాద్యాన్ని నిలబెట్టి, యాంప్లిఫయర్‌కు తగిలించి, నాదాన్ని కావాలని చిట్లగొట్టినప్పుడు కలిగిన దిగ్భ్రమకు కారణం కొత్త వాద్యం కాదు. అణకువగల పరిచారిక ఒక్కసారిగా గర్జించడం.

ఆ గర్జన మొదట ఆంగ్లంలోనే వినిపించింది. 1960ల చివర పార్క్ స్ట్రీట్ భోజనశాలల్లో నిత్యం ప్రత్యక్ష సంగీతం ఉండేది. ఉషా అయ్యర్‌గా నాడు పరిచితురాలైన ఉషా ఉతుప్ చీరకట్టుతో ట్రింకాస్ వేదికపై పాడినది ఆ కాలంలోనే. సిగరెట్ కంపెనీ ప్రాయోజకత్వంలో జరిగిన సిమ్లా బీట్ పోటీలు 1970, 1971 సంవత్సరాలలో దేశంలోని వివిధ నగరాల బృందాల పాటలను రికార్డులకెక్కించాయి. కలకత్తాకు చెందిన గ్రేట్ బేర్ బృందం వాటిలో స్థానం పొందింది. ఆ వరుసలోనే దిలీప్ బాలకృష్ణన్, డోలు వాద్యకుడు నొందన్ బాగ్చీ, బేస్ గిటారు వాద్యకుడు లూ హిల్ట్ ప్రభృతులతో హై అనే బృందం వచ్చింది. దిగుమతి వాద్యాలు అందుబాటులో లేని కాలమది. లాల్ బజార్ దుకాణాల స్థానిక గిటార్లతో, ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో అమ్మే పాత రికార్డులతో ఆ యువకులు విద్య నేర్చుకున్నారు. కలకత్తాకు అలవాటైన కరెంటు కోతల మధ్య విద్యుత్ వాద్యాన్ని సాధన చేశారు.

వీరి నైపుణ్యాన్ని శంకించవలసిన పని లేదు. కాని వారి శ్రోతలు నగరంలో ఒక వీధికే పరిమితమయ్యారు. ఉత్తర కలకత్తా ఇరుకు సందులలో, శరణార్థుల కాలనీలలో ఆ పాట వినిపించలేదు. వినిపించినా అందులోని వేదన తమదేనని ఎవరూ గుర్తించి ఉండరు. మోత ఉన్నది, దానికి ఊరి మాట ఇంకా దొరకలేదు.

శబ్దంపై ఆంక్ష

ఇదే కాలంలో నగరపు మరొక మూల శబ్దం గురించిన వివాదమే సాగుతున్నది. రవీంద్రగీతాల రికార్డులకు విశ్వభారతి సంగీత మండలి అనుమతి అవసరమైన రోజులవి. మహాగాయకుడు దేబబ్రత బిశ్వాస్ పాడిన కొన్ని గీతాలలో వాద్యాల హోరు అధికమని, గాననియమం తప్పిందని మండలి అభ్యంతరం చెప్పింది. ఆయన దిగిరాలేదు. 1970ల ఆరంభంలో ఆ గీతాలను రికార్డు చేయడమే మానుకున్నారు. ఆ వ్యథను తరువాత ఆత్మకథగా వ్రాసుకున్నారు. ఈ ఘటనకు హెవీ మెటల్‌తో ప్రత్యక్ష సంబంధం లేదు. అయినా ఆనాటి కలకత్తాలో వాద్యం హద్దు మీరడం ఎంతటి అపచారంగా పరిగణింపబడినదో తెలియడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. రవీంద్రనాథుని రచనలపై స్వామ్యహక్కు 1991తో ముగియవలసి ఉండగా చట్టసవరణతో మరి పదేళ్లు పొడిగింపబడి 2001 చివరతో తీరిపోయింది. ఆ మరుసటి ఏడే, 2002లో, బెంగాలీ భాషలో అత్యంత బిగ్గరగా పలికిన రాక్ బృందం తన తొలి సంపుటిని వెలువరించడం కాకతాళీయమే కావచ్చు. కాని కాలానికి తగిన కాకతాళీయం.

మహీనుని గుర్రాలు

మోతకు మాట దొరికిన సందర్భం అంతకు పాతికేళ్ల ముందే వచ్చింది. 1970ల మధ్య గౌతమ్ చటోపాధ్యాయ్ నాయకత్వంలో ఏడుగురు యువకులు మొహీనేర్ ఘోడాగులి అనే బృందంగా ఏర్పడ్డారు. మహీనుని గుర్రాలు అని దాని అర్థం. జీవనానంద దాస్ 1948లో వెలువరించిన సాత్‌టి తారార్ తిమిర్ సంపుటిలోని 'ఘోడా' కవిత నుండి ఆ పేరు వచ్చింది. ఒక రాక్ బృందం తన పేరుకోసం అత్యాధునిక కవిని ఆశ్రయించడం బెంగాల్‌కే చెల్లింది. మాటను వదలని మోత అని వారు మొదటే ప్రకటించుకున్నట్లయింది.

గౌతమ్ నక్సల్బరీ ఉద్యమంతో సంబంధం వల్ల కారాగారవాసం అనుభవించి, కొంతకాలం బెంగాల్‌కు దూరంగా గడిపి వచ్చినవారు. 1977, 1978, 1979 సంవత్సరాలలో ఆ బృందం మూడు రికార్డులు వెలువరించింది. తొలి రికార్డు పేరులోనే ఉద్విగ్న విహంగకులం, కలకత్తా నగరం జంటగా చోటుచేసుకున్నాయి. బాఉల్ బాణీ, జాజ్, గిటారు, వయొలిన్ కలసిన ఆ సంగీతాన్ని హెవీ మెటల్ అనడం పొరపాటు. కాని పార్క్ స్ట్రీట్ వాద్యాన్ని బెంగాలీ నగరజీవితపు దిగులుతో ముడివేసిన తొలి ముడి అదే. తరువాత వచ్చిన బరువైన నాదమంతా ఆ ముడికే వేలాడింది. నాటి శ్రోతలు దానిని ఆదరించలేదు. 1981 నాటికే బృందం చెదిరింది. గౌతమ్ చలనచిత్ర రంగానికి మళ్లి, 'నాగమతి' చిత్రానికి జాతీయ పురస్కారం పొందారు.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక పోలిక స్ఫురించక మానదు. 1965–68 మధ్య దిగంబర కవులు తెలుగు కవితలోకి కర్కశమైన, జుగుప్సాకరమైన పదజాలాన్ని కావాలని తెచ్చారు. శ్రోత చెవి బద్దలు కావాలన్నదే వారి ఉద్దేశం. కలకత్తాలో హంగ్రీ తరం కవులు అంతకు కొద్ది ముందు చేసినదీ అదే. అయితే తెలుగునాట ఆ ఆగ్రహం పాటగా మారినప్పుడు గిటారును చేపట్టలేదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి డప్పును, పల్లె బాణీని, గొంగడిని ఎన్నుకున్నది. గద్దర్ గొంతులో మోతా మాటా ఒకే చోట పుట్టాయి. కలకత్తాలో అదే ఉద్యమపు గాలి తగిలిన యువకుడు గిటారునూ బాఉల్‌నూ చేర్చి పట్టుకున్నాడు. ఒకచోట పల్లెపదం, ఒకచోట నగరవాద్యం. ఏది గొప్పదన్న ప్రశ్న అసంగతం. ఆయా సమాజాలలో కోపానికి ఏ శ్రుతి సహజమో ఈ రెండు ఉదాహరణలూ తెలుపుతాయి.

గర్జనకు గౌరవం

1992లో సుమన్ చటోపాధ్యాయ్ (తరువాత కబీర్ సుమన్) పాడిన 'తొమాకే చాయ్' బెంగాలీ పాటకు నేటి వీధి భాషను ఇచ్చింది. అదే ఏడు క్యాక్టస్ బృందం ఏర్పడింది. 1995లో గౌతమ్ చటోపాధ్యాయ్ కొత్త తరం గాయకులను చేరదీసి పాత బృందం పేరిట తిరిగి సంపుటాలు వెలువరించడంతో, ఇరవై ఏళ్ల కిందట ఎవరూ వినని పాటలు కళాశాలల ప్రాంగణాలలో కంఠస్థమయ్యాయి. ఉపగ్రహ ప్రసారాల ద్వారా పాశ్చాత్య మెటల్ బృందాల దృశ్యాలు ఇళ్లలోకి వచ్చినదీ ఈ దశాబ్దంలోనే. 1999లో గౌతమ్ కన్నుమూశారు. అప్పటికి ఒక ఏడాది ముందే రూపం ఇస్లాం గాయకుడుగా ఫాసిల్స్ ఏర్పడింది.

ఫాసిల్స్ 2002లో తొలి సంపుటిని, 2004లో రెండవ దానిని వెలువరించింది. తొలి సంపుటిలోని 'ఏక్‌లా ఘర్' (ఒంటరి గది) శీర్షికే ఆ బృందపు లోకాన్ని సూచిస్తుంది. రూపం ఇస్లాం పాటలలో ప్రకృతి లేదు, ఊరట లేదు; గోడల మధ్య మనిషి, నిద్రలేమి, మనోవ్యాధి, తనపైనే తనకు రోత. చిట్లిన గిటారు నాదం ఆ మనఃస్థితికి అలంకారం కాదు. అదే దాని రూపం. వేల సంఖ్యలో యువకులు వేదిక ముందు నిలిచి ప్రతి పదాన్నీ గాయకునితో కలసి పలకడం ఈ బృందం కచేరీల ప్రత్యేకత. హెవీ మెటల్ కచేరీలో శ్రోత సాధారణంగా తల ఊపుతాడు. కలకత్తా శ్రోత తల ఊపుతూ సాహిత్యం అప్పగిస్తాడు. వంగదేశపు పాత అలవాటు ఇక్కడ కొత్త వేషంలో నిలబడి ఉన్నది.

ఫాసిల్స్ బలం ఇదే, బలహీనతా ఇదే. పదం ఎల్లవేళలా ముందుండాలన్న పట్టుదల వల్ల గిటారు మరల సహాయపాత్రకే పరిమితమయింది. బర్మింగ్‌హామ్ సంప్రదాయంలో స్వరబంధం తానై ఒక ఆలోచనను నడిపిస్తుంది. ఫాసిల్స్ గీతాలలో అది చాలా చోట్ల గాయకుని ఆవేశానికి నేపథ్యంగా మిగిలిపోతుంది. వేదన ప్రతి చరణంలోనూ ఒకే ఎత్తున పలకడంతో కొన్ని రచనలలో నాటకీయత నిజాన్ని మించుతుంది. అయినప్పటికీ మనోవ్యాధిని గురించి ఇంట మాట్లాడని సమాజంలో దానిని బహిరంగంగా పాడుకోదగిన విషయంగా మార్చిన ఘనత ఈ బృందానిదే. ఆ గుర్తింపు రాజ్యం నుండి కూడా వచ్చింది. సుమన్ ముఖోపాధ్యాయ్ దర్శకత్వంలో నబారుణ్ భట్టాచార్య కథల ఆధారంగా రూపొందిన 'మహానగర్ ఎట్ కోల్‌కతా' చిత్రంలోని గానానికి రూపం ఇస్లాం 2009 సంవత్సరపు ఉత్తమ నేపథ్యగాయకుని జాతీయ పురస్కారం అందుకున్నారు. పార్క్ స్ట్రీట్‌లో పరాయిగా పుట్టిన నాదం నాలుగు దశాబ్దాలకు దేశపు పురస్కారపీఠం ఎక్కింది. ఎక్కించినది మాత్రం మాట.

వినే హక్కు, వినకుండే హక్కు

నగరంలో శబ్దం సౌందర్యశాస్త్ర విషయం మాత్రమే కాదు. పరిపాలనా విషయం కూడా. 1996లో కలకత్తా ఉన్నత న్యాయస్థానం ధ్వనివర్ధకాల వినియోగంపై ఇచ్చిన తీర్పు దేశంలో తొలి మైలురాళ్లలో ఒకటి. పౌరునికి పలికే స్వేచ్ఛ ఉన్నట్లే, ఇష్టంలేని శబ్దాన్ని వినకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉన్నదని ఆ తీర్పు సారాంశం. 2000 సంవత్సరంలో వచ్చిన ధ్వనికాలుష్య నియమాలు రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ధ్వనివర్ధకాలను కట్టడి చేశాయి. ఈ సూత్రం న్యాయమైనదే. వృద్ధుని నిద్రనూ, విద్యార్థి చదువునూ కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

అయితే ఇక్కడ విమర్శకుడు ఒక భేదం చూపవలసి ఉన్నది. దుర్గాపూజ నాటి ఢాక్ మోత బిగ్గరగా ఉన్నా కర్కశమని బెంగాలీ అనుకోడు. ఆ మోతలో అమ్మవారి రాక వినిపిస్తుంది. బోనాల డప్పు గురించి తెలుగువాని అనుభవమూ ఇదే. శబ్దం ఎంత పెద్దదన్నది యంత్రం కొలుస్తుంది. అది ఎవరి శబ్దమన్నది సమాజం నిర్ణయిస్తుంది. హెవీ మెటల్‌పై వచ్చిన అభ్యంతరాలలో మొదటి దానికన్న రెండవదే ఎక్కువ. నియమం అందరికీ ఒక్కటే కావాలి. ఆస్వాదనకు మాత్రం చెవిని కొంత సాగదీయాలి.

మాట కరిగిపోయిన చోట

ఇటీవలి దశాబ్దాలలో కలకత్తాలో మరొక శాఖ వెలసింది. టెట్రాగ్రామసైడ్, కపాల, అపార్థివ రక్తధార వంటి బృందాలు మెటల్ సంగీతపు అతి తీవ్రరూపాలను సాధన చేస్తున్నాయి. టెట్రాగ్రామసైడ్ 2017లో వెలువరించిన సంపుటి ఒక జర్మన్ సంస్థ ద్వారా ప్రపంచంలోని ఆ కోవ శ్రోతలకు చేరింది. వీరి నాదంలో పదం వినిపించదు. కంఠం ఉరుముగా మారుతుంది. గిటారు, డోలు ఒకే ముద్దగా కలసిపోతాయి. ప్రతీకలు మాత్రం స్థానికాలు: శ్మశానం, కపాలం, రక్తం, తాంత్రిక సాధన.

వంగసాహిత్యం తెలిసినవారికి ఈ ప్రతీకలు కొత్తవి కావు. కాళి ఈ నగరపు దేవత. అయితే పద్దెనిమిదవ శతాబ్దంలో రామప్రసాద్ సేన్ ఆ భయంకర మూర్తిని తల్లిగా చేసుకుని, బిడ్డ మారాంతో పాడాడు. భయం వాత్సల్యంగా పరిణమించింది. అప్పటినుండి శ్యామాసంగీతం కరుణ, భక్తి మార్గాలలోనే నడిచింది. తీవ్రశాఖ బృందాలు ఆ పరిణామాన్ని వెనుకకు తిప్పి, తల్లికి ముందున్న శ్మశానవాసినిని నాదంలో చూపజూస్తున్నాయి. నాట్యశాస్త్రం ఎనిమిది రసాలలో రౌద్ర, భయానక, బీభత్సాలకు శృంగార, కరుణలతో సమానస్థానమే ఇచ్చింది. క్రోధం, భయం, జుగుప్స ఆస్వాదయోగ్యాలని భరతుడు అంగీకరించాడు. మన సంగీతసభలు మాత్రం వాటిని చాలాకాలంగా గుమ్మం బయటనే ఉంచాయి. ఈ బృందాల కృషిలో అనుకరణ లేకపోలేదు. పాశ్చాత్య దేశాల శ్రోతలకు తాంత్రిక ప్రతీకలను వింతవస్తువులుగా చూపే ప్రమాదమూ ఉన్నది. కాని మాటను పూర్తిగా వదులుకుని నాదంతోనే అర్థాన్ని పలికించాలన్న సాహసం కలకత్తాలో నిజంగా ఇప్పుడే జరుగుతున్నది. బర్మింగ్‌హామ్ బృందం మొదలుపెట్టిన చోటికి కలకత్తా అర్ధశతాబ్దం తరువాత, తన దారిన తాను చేరుకున్నది.

ఈ ప్రస్థానాన్ని మొత్తంగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆంగ్లంలో ఉన్నంతకాలం కలకత్తా రాక్ నైపుణ్యంగా మిగిలింది. బెంగాలీ మాటను చేపట్టినప్పుడు సమాజానికి చేరింది. మాట బలపడినకొద్దీ నాదం తగ్గి నడిచింది. ఇప్పుడు నాదం తన స్వాతంత్ర్యం కోరుకుంటుంటే సమాజపు చెవి దానిని ఇంకా సంగీతంగా గుర్తించడం లేదు. ఇది తెలుగువారికీ వర్తించే పాఠం. 2015లో హైదరాబాదులో ఏర్పడిన గాడ్‌లెస్ బృందం డెత్ మెటల్‌లో నైపుణ్యం చూపుతూ ఆంగ్లంలోనే పాడుతున్నది. దిగంబర కవుల భాష, డప్పు లయ ఉన్న జాతికి ఈ వాద్యం ద్వారా చెప్పుకోదగినది ఏదీ లేదనుకోవడం కష్టం.

మొహీనేర్ ఘోడాగులి మూడు రికార్డులు వచ్చిన నాడు వాటిని భద్రపరచవలసిన వస్తువులుగా భావించినవారు అరుదు. ఇరవై ఏళ్ల తరువాత నగరం వాటికోసం వెదుక్కున్నది. పార్క్ స్ట్రీట్ బృందాల వాదనంలో అధికభాగం రికార్డులకెక్కకుండానే గాలిలో కలసిపోయింది. శాస్త్రీయ, జానపద సంగీతాలను సేకరించే ప్రభుత్వ సంస్థలు, ఆకాశవాణి భాండాగారాలు, విశ్వవిద్యాలయాలు ఈ నగరసంగీతాన్ని కూడా తమ పరిధిలోకి తెచ్చుకోవాలి. అందుకు దానిని ఇష్టపడనవసరం లేదు. ఒక కాలపు యువకులు దేనికి కోపగించారో, దేనికి భయపడ్డారో తరువాతి తరాలు తెలుసుకోగోరినప్పుడు నివేదికలు చెప్పలేని మాటను ఆ మోత చెప్పగలదు.